ఇంట్లోనే ఇంక్యుబేటర్‌లో నాటుకోడి పిల్లలు చేయించడం ఎలా?

పెట్ట పొదుగుకు కూర్చుంటే మనకు పెద్దగా పని ఉండదు. గంపలో కాస్త గడ్డి వేసి, పక్కన గింజలు, నీళ్లు పెడితే చాలు. 21 రోజులకు పిల్లలతో దిగుతుంది. కానీ ఒక పెట్ట పది పన్నెండు గుడ్లకు మించి సరిగ్గా కప్పలేదు. పైగా పొదుగు, ఆ తర్వాత పిల్లల పెంపకం అయ్యేదాకా రెండు మూడు నెలలు మళ్లీ గుడ్డు పెట్టదు. పందెం కోళ్ల జాతి అయిన అసిల్ పెంచేవాళ్లకు ఇది మరీ ఇబ్బంది. ఆ పెట్టలు ఏడాదికి పెట్టేదే తక్కువ, అందులోనూ పొదుగు మీద ఆశ ఎక్కువ. అందుకే ముప్పై, యాభై గుడ్లు పట్టే చిన్న ఇంక్యుబేటర్లు ఇప్పుడు చాలా ఇళ్లలోకి వచ్చేశాయి.

కొన్నవాళ్లలో చాలామంది మొదటి విడతలోనే నిరాశపడతారు. ముప్పై గుడ్లు పెడితే పదో పన్నెండో పిల్లలు వస్తాయి, మిగతావి మురిగిపోతాయి. మెషీన్ మంచిది కాదని దాన్ని మూలన పడేస్తారు. నేను గమనించినంతవరకు మెషీన్ తప్పు ఉండేది తక్కువే. గుడ్లు లోపల పెట్టకముందు వాటిని ఎలా చూసుకున్నాం, మెషీన్ ఉన్న గదిలో గాలి ఎలా ఉంది, ఈ రెండే చాలావరకు ఫలితాన్ని తేల్చేస్తాయి. మాన్యువల్‌లో నీళ్లు ఇన్ని పోయండి అని ఉంటుంది. వానాకాలంలో కాకినాడకూ మార్చిలో నిజామాబాద్‌కూ ఒకే కొలత ఎలా కుదురుతుంది? ఈ విషయం అర్థమైతే మిగతాదంతా ఓపికగా చేసుకుపోయే పనే.

ముందు కాలం చూసుకోండి

ఇంక్యుబేటర్ వేడి చేయగలదు కానీ చల్లబరచలేదు. లోపల 37.5 డిగ్రీలు ఉండాలి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం గదిలోనే 39, 40 ఉంటే మెషీన్ హీటరు ఆపేసి ఊరుకుంటుంది, గుడ్లు మాత్రం వేడెక్కుతూనే ఉంటాయి. వేడి తగ్గడం కన్నా పెరగడమే పిండానికి ఎక్కువ ప్రమాదం. కాసేపు 35కి దిగినా తట్టుకుంటుంది. 40 దగ్గర కొన్ని గంటలు ఉంటే చాలా పిండాలు చనిపోతాయి. కాబట్టి ఏసీ గానీ, బాగా చల్లగా ఉండే మట్టి గోడల గది గానీ లేకపోతే ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వానల వరకు మెషీన్ జోలికి వెళ్లకండి. రేకుల షెడ్డులో అయితే మార్చిలోనే ఆపేయడం మేలు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్నిటికన్నా అనువైన కాలం. పిల్లలకు రాత్రిపూట బల్బు వెచ్చదనం కాస్త ఎక్కువ రోజులు ఇవ్వాల్సి వస్తుంది, అంతే.

గుడ్లు ఎక్కడివి తెస్తున్నారు?

కొట్లో దొరికే తెల్ల గుడ్డు పిల్ల చేయదు. గుడ్ల కోసమే పెట్టల్ని పెంచే లేయర్ ఫారాల్లో పుంజులు ఉండవు. నాటు గుడ్లని పేరు పెట్టి అమ్మే గోధుమ రంగు గుడ్లు కూడా పుంజు లేని ఫారం నుంచి వచ్చి ఉంటే అంతే సంగతి. పెంకు రంగుకూ పిల్ల కట్టడానికీ సంబంధం లేదు.

మీ సొంత కోళ్లవైతే పుంజు, పెట్టల లెక్క చూసుకోండి. మామూలు నాటుకోళ్లలో ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు సరిపోతాయి. బరువైన అసిల్ పుంజుకైతే ఐదారు చాలు. పుంజును మార్చాక మూడు వారాలు ఆగండి, ఎందుకంటే పెట్ట ఒంట్లో పాత పుంజు వీర్యం రెండు వారాల పైనే నిలిచి ఉంటుంది. ఫలానా పుంజు పిల్లలే కావాలనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఇక మేత. చాలామంది పట్టించుకోని విషయం ఇది. గుడ్డు లోపల పిల్లకు 21 రోజులూ కావాల్సినదంతా పెట్ట ఒంటి నుంచే వస్తుంది. ఉత్త నూకలు, వడ్లు తినే పెట్ట గుడ్డు మనం తినడానికి బాగానే ఉంటుంది కానీ అందులో పిండం సగంలో ఆగిపోవచ్చు. గుడ్లు ఏరడానికి మూడు నాలుగు వారాల ముందు నుంచే లేయర్ మేత, ఆకుకూరలు, నత్తగుల్లల పొడి లాంటి సున్నం ఉండే పదార్థం అందించండి. డాక్టరు చెప్పిన విటమిన్ మందు నీళ్లలో కలిపినా మంచిదే.

బయటి నుంచి తెచ్చేట్టయితే నమ్మకమైన చోట తీసుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు అక్కడ తయారైనవే. పొదిగే గుడ్లు, రోజు వయసు పిల్లలు అక్కడ అమ్ముతారు, ముందుగా చెప్పి ఉంచుకోవాలి. అయితే అవి సంకర రకాలు. వాటిని పెంచి, వాటి గుడ్లతో మళ్లీ పిల్లలు చేయిస్తే తల్లిదండ్రుల లక్షణాలన్నీ అలాగే రావు.

పొలంలో నెమలి గుడ్లు దొరికాయని కోడి కిందో, మెషీన్‌లోనో పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నెమలికి గట్టి రక్షణ ఉంది, దాని గుడ్డు తీయడం కూడా నేరమే.

గుడ్లు ఏరేటప్పుడు మరీ పెద్దవి, మరీ చిన్నవి, పొడుగ్గా సాగినవి, గరుకు పెంకువి పక్కన పెట్టండి. కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్టల మొదటి గుడ్లు కూడా వద్దు. చీకటి గదిలో ఫోన్ టార్చ్ మీద పెట్టి చూస్తే కంటికి కనపడని సన్నటి పగుళ్లు తెల్లటి గీతల్లా తెలిసిపోతాయి. అలాంటి గుడ్డును ఆ రోజే ఆమ్లెట్ వేసుకోండి.

గుడ్లు కడగకండి. పెంకు మీద సహజంగా ఒక పలచటి పొర ఉంటుంది, పెంకులోని సన్నటి రంధ్రాల గుండా సూక్ష్మక్రిములు లోపలికి పోకుండా అదే ఆపుతుంది. తడి తగిలితే ఆ పొర పోతుంది. కొద్దిగా రెట్ట అంటితే పొడి గుడ్డతో తుడవండి, బాగా అంటిన గుడ్డును వదిలేయండి. గూట్లో గడ్డి ఎప్పటికప్పుడు మారుస్తుంటే ఈ బాధే ఉండదు.

దాచేటప్పుడే సగం గుడ్లు పోతాయి

రోజుకు నాలుగైదు గుడ్లు వస్తుంటే ముప్పై పోగయ్యేసరికి వారం పడుతుంది. ఈ వారమే కీలకం. గుడ్డు దాచడానికి 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం సరైనది. ఫ్రిజ్‌లో 4, 5 డిగ్రీలు ఉంటాయి, పిండానికి అది మరీ చలి. మన గది సంగతి చూస్తే చాలా నెలలు 28, 30 ఉంటుంది. 27 దాటితే పిండం నెమ్మదిగా, సక్రమం కాని తీరులో పెరగడం మొదలుపెడుతుంది. అలా పెరిగీ పెరగకుండా ఉన్న గుడ్డును మెషీన్‌లో పెడితే మొదటి మూడు నాలుగు రోజుల్లోనే చచ్చిపోతుంది. తర్వాత టార్చ్ వేసి చూసి, పుంజు పనికిరాదని మనం దాన్ని తిడతాం.

ఏసీ లేని ఇంట్లో మంచి ఉపాయం మట్టికుండ. వెడల్పు మూతి కుండలో సగానికి పైగా ఇసుక పోసి తడిపి, నీడలో గాలి తగిలే చోట పెట్టండి. ఇసుక మీద పలచటి పొడి గడ్డి, దాని మీద గుడ్లు. తడి గుడ్లకు తగలకూడదు. పైన పలచటి గుడ్డ కప్పి, ఇసుకను రోజూ తడుపుతూ ఉండండి. బయటికన్నా లోపల ఎన్నో డిగ్రీలు చల్లగా ఉంటుంది.

సన్నటి కొన కిందికి, వెడల్పు వైపు పైకి ఉండేలా నిలబెట్టండి. ఏడు రోజులు దాటనివ్వకండి. పది రోజుల గుడ్లకూ పిల్లలు వస్తాయి కానీ తగ్గుతాయి, రెండు వారాలైతే బాగా తగ్గిపోతాయి. ముప్పై పోగవ్వాలని పాత గుడ్లు దాచడం కన్నా ఇరవై తాజా గుడ్లతో మొదలుపెడితేనే ఎక్కువ పిల్లలొస్తాయి.

బస్సు పార్సిల్‌లోనో బండి మీదో దూరం నుంచి వచ్చిన గుడ్లను వెంటనే మెషీన్‌లో పెట్టొద్దు. గుడ్డు వెడల్పు వైపు లోపల గాలి నిండిన చిన్న ఖాళీ ఉంటుంది, దాన్నే గాలి గది అంటారు. కుదుపులకు అది కదిలి ఉంటుంది. సన్న కొన కిందికి పెట్టి కనీసం 12 గంటలు, వీలైతే ఒక రోజంతా కదపకుండా ఉంచండి.

మెషీన్‌ను ఒక రోజు ఖాళీగా నడపండి

గది లోపల, ఎండ పడని చోట, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట మెషీన్ పెట్టండి. గుడ్లు పెట్టడానికి 24 గంటల ముందే ఆన్ చేయండి. లోపల ఫ్యాను ఉన్న మెషీన్ అయితే 37.5 నుంచి 37.7 డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లో చెప్పాలంటే సుమారు 99.5 నుంచి 100. ఫ్యాను లేని పాత రకం పెట్టె అయితే పైన వేడిగా, కింద చల్లగా ఉంటుంది కాబట్టి గుడ్ల పైభాగం ఎత్తులో కొలిచి 38.5 దగ్గర ఉంచాలి. కొత్తగా కొనేవాళ్లు ఫ్యాను ఉన్నదే తీసుకోండి.

డిస్‌ప్లేలో కనిపించే అంకెను గుడ్డిగా నమ్మకండి. చవక మెషీన్లలో అది ఒక డిగ్రీ అటూ ఇటూ చూపించడం మామూలే, ఆ ఒక్క డిగ్రీ తేడాకే విడత పాడవుతుంది. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు ప్రతి ఇంట్లో ఉంటుంది. మనకు కావాల్సిన ఉష్ణోగ్రతల దగ్గర అది చాలా కచ్చితంగా పనిచేస్తుంది. దాని కొనను గుడ్ల ట్రే ఎత్తులో ఉంచి, అంకె నిలకడగా ఆగేదాకా చూడండి. మెషీన్ అంకెతో తేడా ఉంటే సెట్టింగులో ఆ మేరకు సరిచేయండి.

తేమ మీటరును కూడా ఒకసారి పరీక్షించాలి. సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దగా అయ్యేంత నీళ్లు కలపండి, కరిగిపోయేంత వద్దు. దాన్ని, తేమ మీటరును కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టి మూతేసి ఎనిమిది గంటలు వదిలేయండి. డబ్బాలో తేమ 75 శాతం అవుతుంది. మీటరు 70 చూపిస్తే అది 5 తక్కువ చూపిస్తోందని గుర్తు పెట్టుకోండి.

పెట్టడం, తిప్పడం

చల్లటి చోటు నుంచి తీసిన గుడ్లను కొన్ని గంటలు గదిలో ఉంచి, ఆ తర్వాతే మెషీన్‌లో పెట్టండి. లేకపోతే పెంకు మీద చెమట పట్టి మురికి లోపలికి పోతుంది. నిలువు ట్రే అయితే వెడల్పు వైపు పైకి ఉండాలి, గుడ్లను దొర్లించే రోలర్ల మీద అయితే పడుకోబెట్టండి. అన్నీ ఒకే రోజు పెట్టండి. రోజుకు నాలుగు చొప్పున కలుపుతూ పోతే చివర్లో కొన్నిటికి తిప్పడం ఆపాలి, కొన్నిటికి ఆపకూడదు. చిన్న మెషీన్‌లో అది కుదరదు.

లెక్క తేలిక. శనివారం సాయంత్రం పెడితే ఆదివారం సాయంత్రానికి ఒక రోజు పూర్తి. పిల్లలు మూడో శనివారం వస్తాయి. సాయంత్రం పెట్టడం వల్ల పగిలే గుడ్లను పగటిపూట చూసుకునే వీలు కూడా ఉంటుంది. పిట్టల్ని బట్టి రోజులు మారతాయి. కౌజుకు 17, 18, బాతుకు, టర్కీకి 28, గిన్నీ కోడికి 26 నుంచి 28, కోడిలాంటి పిట్ట ఫెజెంట్‌కు 23 నుంచి 25. వీటిని కోడిగుడ్లతో కలిపి పెట్టకండి.

పొదిగే పెట్ట గుడ్లను ముక్కుతో మాటిమాటికీ కదుపుతుంది. అలా తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది. మొదటి పది పన్నెండు రోజులు ఇది మరీ ముఖ్యం. ఆటోమేటిక్‌గా తిప్పే మెషీన్ ఉన్నా ఒక కన్నేసి ఉంచండి. ఫారం గుడ్డుకు సరిపడా పెట్టిన రోలర్ల మధ్య చిన్న నాటుగుడ్డు కొన్నిసార్లు తిరగకుండా జారుతుంది. పెన్సిల్‌తో ఒకవైపు సున్నా, రెండోవైపు ఇంటూ గుర్తు వేస్తే తిరిగిందో లేదో తెలుస్తుంది. స్కెచ్ పెన్ను వాడకండి.

చేత్తో తిప్పేవాళ్లు రోజుకు మూడుసార్లో ఐదుసార్లో తిప్పండి. బేసి సంఖ్య ఎందుకంటే రాత్రి పొడుగు సమయం గుడ్డు ఒకే వైపు ఉంటుంది. బేసిసార్లు తిప్పితే మర్నాటి రాత్రి రెండోవైపు వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరాకే ముట్టుకోండి.

నీళ్లు ఎన్ని పోయాలి?

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే. మొదటి 18 రోజులు తేమ 45 నుంచి 55 శాతం మధ్య, చివరి మూడు రోజులు 65 నుంచి 70 ఉండాలని అందరూ చెబుతారు. ఎందుకో తెలిస్తే అంకెల టెన్షన్ తగ్గుతుంది.

గుడ్డులోని నీరు పెంకు రంధ్రాల గుండా రోజూ కొద్దికొద్దిగా ఆవిరి కావాలి. అలా తగ్గిన మేరకు వెడల్పు వైపున్న గాలి గది పెరుగుతుంది. చివర్లో పిల్ల తన మొదటి శ్వాస ఆ గదిలోంచే తీసుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరు పోదు, గది చిన్నగా మిగిలిపోతుంది, ఉబ్బిన పిల్ల తిరగడానికి చోటు లేక, మిగిలిన నీటిలో ఊపిరాడక చనిపోతుంది. తేమ మరీ తక్కువైతే పొర ఎండి తోలులా పిల్లను పట్టేస్తుంది.

ఇప్పుడు మీ గది సంగతి. గాలి వేడెక్కితే దాని తేమ శాతం పడిపోతుంది. వానాకాలంలో కోస్తాలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి మెషీన్‌లోకి వెళ్లి 37.5కి వేడెక్కితే దాదాపు 53 శాతం అవుతుంది. అంటే ఒక్క చుక్క నీళ్లు పోయకుండానే సరిపోయింది! మాన్యువల్ చెప్పిందని ట్రే నింపితే 70 దాటుతుంది, 20వ రోజున లోపల మునిగిపోయిన పిల్లలు మిగులుతాయి. అదే డిసెంబరులో హైదరాబాద్‌లో 20 డిగ్రీలు, 50 శాతం ఉన్న గాలి లోపలికెళ్తే 18 శాతానికి పడిపోతుంది. మార్చి మధ్యాహ్నం 35 డిగ్రీలు, 25 శాతం ఉన్నా 22కే వస్తుంది. అక్కడ రెండు ట్రేలూ నింపాల్సిందే. ఊరు, నెల మారితే నీళ్లూ మారాలి.

నీటి లోతుతో పనిలేదు, వెడల్పే ముఖ్యం. తేమ పెంచాలంటే ఇంకో వెడల్పాటి మూత నీళ్లు పెట్టండి, లేదా నీళ్లలో స్పాంజి ముక్క నిలబెట్టండి. తగ్గించాలంటే నీళ్లు తీసేసి గాలి రంధ్రాలు పూర్తిగా తెరవండి. పోసేవి గోరువెచ్చటి నీళ్లు అయితే లోపలి వేడి పడిపోదు. తేమ ఆగుతుందని రంధ్రాలన్నీ మూసేయడం మాత్రం చేయకండి. లోపల ఉన్నవి ఊపిరి పీల్చే ప్రాణులు, చివరి వారంలో వాటికి ఇంకా ఎక్కువ గాలి కావాలి.

మీటరు మీద నమ్మకం లేదా? వంటింటి గ్రాముల తూకం దానికన్నా నిజం చెబుతుంది. 18వ రోజుకల్లా గుడ్డు బరువు 11 నుంచి 13 శాతం తగ్గాలి. 45 గ్రాముల గుడ్లు ముప్పై పెట్టారనుకోండి, మొత్తం 1350 గ్రాములు. 18వ రోజుకు దాదాపు 1190 ఉండాలి. ఏడో రోజుకు సుమారు 60 గ్రాములు తగ్గి 1290 దగ్గర ఉంటే దారిలో ఉన్నట్టే. 1320 ఉంటే తేమ ఎక్కువైంది, తగ్గించండి. 1260కి పడిపోతే తేమ పెంచండి. మధ్యలో గుడ్లు తీసేస్తే వాటి బరువు కూడా లెక్కలోంచి తీసేయాలి.

టార్చ్ వేసి చూడటం

ఏడో రోజు రాత్రి గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్ మీద మధ్యలో రూపాయి బిళ్లంత రంధ్రం చేసిన అట్టముక్క పెట్టి, గుడ్డు వెడల్పు వైపును దానిపై ఆనించండి. ఒక చీకటి చుక్క, దాని నుంచి సాలీడు కాళ్లలా అన్ని వైపులకీ పాకిన ఎర్రటి నరాలు కనిపిస్తే లోపల ప్రాణం ఉంది. కాస్త ఆగి చూస్తే ఆ చుక్క కదలడం కూడా తెలుస్తుంది. ఎన్నిసార్లు చూసినా ఆ కదలిక నాకు సంబరమే.

లోపలంతా ఒకేలా తేటగా ఉంటే అది పిల్ల కట్టని గుడ్డు. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరం ఒకటే కనిపిస్తే మొదలై మధ్యలో చనిపోయింది. ఈ రెండు రకాలూ తీసేయండి. అనుమానంగా ఉన్నవాటిపై గుర్తు పెట్టి 10వ రోజు మళ్లీ చూడండి. ఒక్కో గుడ్డుకు అర నిమిషం మించనివ్వొద్దు. వాసన వస్తున్న గుడ్డును మాత్రం ఆ క్షణమే బయట పారేయాలి. మురిగిన గుడ్డు లోపల పగిలితే మిగతావన్నీ పాడవుతాయి.

కరెంటు పోతే

గంట, గంటన్నర పోతే కంగారు వద్దు. పొదిగే పెట్ట కూడా మేతకని రోజూ కాసేపు దిగుతుంది. మెషీన్ తెరవకుండా, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పైన దుప్పటి కప్పండి. రెండు వారాలు దాటిన గుడ్లలో పిల్లలు సొంతంగా వేడి పుట్టిస్తాయి కాబట్టి అవి త్వరగా చల్లబడవు. చలికాలం రాత్రి చాలా గంటలు పోయేలా ఉంటే సీసాల్లో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి మెషీన్ పక్కన పెట్టి, అన్నీ కలిపి కప్పండి. ఎండాకాలం పగలు పోతే దుప్పటి వద్దు, మూత కాస్త తెరవడమే మంచిది. చిన్న మెషీన్‌కు ఇంట్లో ఫ్యాన్లు నడిపే ఇన్వర్టర్ చాలు. గుడ్లు చల్లబడ్డాయని ఆశ వదులుకోకండి, ఒకసారి టార్చ్ వేసి చూసి కొనసాగించండి. పిల్లలు కొన్ని గంటలు ఆలస్యంగా రావచ్చు.

18వ రోజు: ఇక ముట్టుకోవద్దు

శనివారం పెట్టినవాళ్లకు ఇది బుధవారం. ఆఖరిసారి టార్చ్ వేయండి. గాలి గది తప్ప మిగతాదంతా నల్లగా నిండి ఉండాలి. తిప్పడం ఆపేయండి, ట్రే గానీ రోలర్లు గానీ తీసేసి, కింద పట్టు ఉండే రబ్బరు జాలీ మ్యాట్ పరచండి. నున్నటి ప్లాస్టిక్ మీదో న్యూస్ పేపర్ మీదో పుట్టిన పిల్లకు కాళ్లు రెండు వైపులకీ జారి చీలిపోతాయి. గుడ్లను పడుకోబెట్టి, తేమ 65 నుంచి 70కి పెంచి, రంధ్రాలు తెరిచే ఉంచి మూత పెట్టేయండి.

ఇక పిల్లలు వచ్చేదాకా తెరవకూడదు. తెరిచిన ప్రతిసారీ తడి గాలి బయటికి పోతుంది, చిట్లిన గుడ్డులోని పొర నిమిషాల్లో ఆరుతుంది. నీళ్లు పోయాల్సి వస్తే రంధ్రంలోంచి సన్నటి పైపుతో పోయండి.

పిల్ల బయటికొచ్చే గంటలు

19, 20 రోజుల మధ్య పిల్ల ముక్కు గాలి గదిలోకి వస్తుంది. చెవి దగ్గర పెడితే కిచకిచలు వినిపిస్తాయి, కానీ దానికోసం మూత తీయకండి. తర్వాత పెంకు మీద ఒకచోట నక్షత్రంలా చిట్లుతుంది. మనకు టెన్షన్ మొదలయ్యేది ఇప్పుడే. చిట్లిన తర్వాత గంటల తరబడి ఏమీ జరగదు. పిల్ల అలసిపోయిందనీ, సాయం చేయాలనీ చేతులు లాగుతాయి.

ఆగండి. ఆ సమయంలో పిల్ల ఊరికే ఉండదు. పొర మీది రక్తనాళాల్లోని రక్తాన్ని ఒంట్లోకి లాక్కుంటుంది, మిగిలిన పచ్చసొనను పొట్టలోకి తీసుకుంటుంది. ఈ పని అవ్వకముందే పెంకు వలిస్తే రక్తం కారి చనిపోతుంది, లేదా బొడ్డు మూసుకోకుండా పుట్టి రెండు రోజుల్లో పోతుంది. మొదటి చిట్లు నుంచి బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టడం మామూలే.

సాయం చేయదగ్గ సందర్భం ఒక్కటే. 24 గంటలు దాటింది, పొర గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయింది, పిల్ల అరుస్తోంది కానీ కదల్లేకపోతోంది. అప్పుడు గోరువెచ్చటి నీటిలో ముంచిన దూదితో పొరను తడిపి, ముక్కు దగ్గర పెంకు ముక్కను కొద్దిగా తీయండి. రక్తపు చుక్క కనపడితే వెంటనే ఆపి లోపల పెట్టేయండి. మిగతాది పిల్లే చేసుకోవాలి.

పుట్టిన పిల్లలు తడిగా, అలసటగా, చచ్చినట్టు పడి ఉంటాయి. ఈకలు ఆరి పొంగే వరకు లోపలే ఉండనివ్వండి. పొట్టలోకి తీసుకున్న పచ్చసొన వాటికి రెండు రోజుల పైనే సరిపోతుంది, ఆకలితో ఉన్నాయని హడావుడి పడక్కర్లేదు. వాటి అరుపులు విని మిగతా గుడ్లలోని పిల్లలూ చురుకవుతాయి.

బయటికి తీశాక

అట్టపెట్టెలో వరి ఊక రెండంగుళాలు పోసి, మొదటి రెండు రోజులు దాని మీద గోనెపట్టా పరచండి. పైన వేడి కోసం ఫిలమెంట్ బల్బు వేలాడదీయండి, ఎల్‌ఈడీ బల్బు వెచ్చదనం ఇవ్వదు. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు కన్నా పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ.

ముందు నీళ్లు, తర్వాత మేత. కాచి చల్లార్చిన నీటిలో కాస్త బెల్లం కలిపి, ఒక్కో పిల్ల ముక్కును ఒకసారి నీళ్లకు తాకిస్తే తాగడం నేర్చుకుంటుంది. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు. మేతగా పిల్లల కోసం తయారుచేసే చిక్ స్టార్టర్ పెట్టండి. ఒక్క నూకలతో పెంచితే మాంసకృత్తులు చాలక ఎదుగుదల ఆగిపోతుంది.

ఇంట్లో అప్పటికే పొదుగు కూర్చున్న పెట్ట ఉంటే ఇంకా మేలు. బాగా చీకటి పడ్డాక దాని కింది గుడ్లు తీసి పిల్లల్ని పెట్టండి. తెల్లారేసరికి చాలా పెట్టలు తమ పిల్లలే అనుకుంటాయి. పొద్దున్నే ఒకసారి చూడండి, పొడుస్తుంటే తీసేయాలి.

టీకాలు మరవకండి. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు, 14వ రోజు గంబోరో తెగులు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా. దగ్గర్లోని పశువైద్యశాలలో అడిగితే మీ ప్రాంతానికి తగ్గ పట్టిక చెబుతారు.

రాని గుడ్లను పగలగొట్టి చూడండి

22వ రోజు దాటినా చిట్లనివి మిగులుతాయి. వాటిని అలాగే పారేయకుండా ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఒక్కొక్కటీ పగలగొట్టండి. వచ్చే విడతకు ఏం మార్చాలో ఇవే చెబుతాయి.

మొదటి వారంలోనే ఆగినవి ఎక్కువగా ఉంటే ముందు దాచిన పద్ధతిని అనుమానించండి, ఆ తర్వాత మొదటి రోజుల వేడిని. సగంలో ఆగితే తిప్పడంలోనో పెట్టల మేతలోనో లోపం ఉండవచ్చు. పూర్తిగా తయారై, తడిగా ఉబ్బి చనిపోతే నీళ్లు ఎక్కువయ్యాయి లేదా గాలి చాల్లేదు. పొర అంటుకుని ఎండి ఉంటే నీళ్లు తక్కువ, లేదా చివర్లో మూత తీశారు. మిగతా పిల్లలు ఎప్పుడొచ్చాయో కూడా చూడండి. 19, 20 రోజులకే వచ్చేస్తే వేడి ఎక్కువ, 22 దాటాక వస్తే తక్కువ. వచ్చే విడతకు 0.2 డిగ్రీలు మాత్రమే మార్చండి, ఒకేసారి అన్నీ మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు.

ఫలితం లెక్క వేసేటప్పుడు ఏడో రోజు తీసేసిన తేట గుడ్లను కలపకండి. ముప్పైలో ఐదు పిల్ల కట్టనివి పోతే మిగిలిన పాతికలో ఇరవై వచ్చాయంటే 80 శాతం. ఇంటి మెషీన్‌కు అది మంచి ఫలితమే. ఆ ఐదు గుడ్ల సంగతి పుంజుకు, పెట్టలకు సంబంధించింది.

చివరిగా మెషీన్ కడగండి. నూగు, పెంకులు, ఎండిన రెట్ట లోపల ఉండగా కొత్త గుడ్లు పెడితే పాత క్రిములు వాటికి అంటుకుంటాయి. ప్లగ్ తీసి, కరెంటు భాగాలకు తడి తగలకుండా సబ్బునీళ్లతో తుడిచి, బ్లీచింగ్ కలిపిన నీటితో మరోసారి తుడిచి, రోజంతా ఎండలో ఆరబెట్టండి. థర్మోకోల్ పెట్టె అయితే లోపలి సందుల్ని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, మురికి దాక్కునేది అక్కడే. ఆరిన తర్వాత మళ్లీ 24 గంటలు ఖాళీగా నడిపి, థర్మామీటరుతో చూసుకుని, అప్పుడు తర్వాతి గుడ్లు పెట్టండి.